కనబడటం లేదని చెప్పే ప్రోగ్రాం

డాక్టర్ కల్యాణవల్లి ల్యాబ్‌లో గ్రేసీ ఉద్యోగం పేరు సిస్టమ్ ఆపరేటర్. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, పనేమిటయ్యా అంటే ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగడం, కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్లన్నిటినీ మళ్లీ లేపడం, పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు కేకేస్తే పరిగెత్తడం. తిరుపతి బైరాగిపట్టెడలో ఉన్న ఆ రక్తపరీక్షల ల్యాబ్‌లో ఎనిమిదేళ్లుగా ఆమె చేస్తున్నది అదే. చిత్తూరులో బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. కాలేజీలో నేర్చుకున్నది కొంతైతే, అద్దెగదిలో కూర్చుని ఫోన్‌లో పాఠాలు చూసి నేర్చుకున్నది అంతకు మూడింతలు. ఆ సంగతి ల్యాబ్‌లో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు.

ఆ ల్యాబ్‌కు చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ల క్లినిక్కుల నుంచి రక్తం శాంపిళ్లు వచ్చేవి. శ్రీకాళహస్తి దారిలో కొన్ని, తడ వైపు కొన్ని. పొద్దున మొదటి బస్సుల్లో ఐసుపెట్టెలు దిగేవి. పరీక్ష గంటలో అయిపోయేది గానీ రిపోర్టు కాగితం తిరిగి ఆ ఊరు చేరేసరికి మర్నాడయ్యేది. ఏదైనా ప్రమాదంగా కనిపిస్తే కల్యాణవల్లి తానే ఫోన్ చేసి చెప్పేది. మిగిలినవాళ్లు ఎదురుచూడాల్సిందే. బస్టాండులో చీటీ పట్టుకుని రిపోర్టు కోసం నిలబడే ముసలివాళ్లను గ్రేసీ రోజూ చూసేది.

అందుకని రెండు నెలలు కూర్చుని ఒక ప్రోగ్రాం రాసింది. పరీక్ష యంత్రం ప్రతి రిపోర్టునూ ఒక ఫైలుగా చేసి, మూలనున్న స్టోరేజీ పెట్టెలోని ఫోల్డర్‌లో పడేస్తుంది. గ్రేసీ ప్రోగ్రాం ఆ ఫోల్డర్ మీదే కన్నేసి ఉంటుంది. కొత్త ఫైలు పడిందా, నిమిషంలో అది ఏ ఊరిదైతే ఆ క్లినిక్ ఫోన్‌కు వెళ్లిపోతుంది. అంతే. కల్యాణవల్లి చూసి మెచ్చుకుంది. ఎనిమిదేళ్లలో మొదటిసారి గ్రేసీని తన గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది. ఫోన్లు చేసే అలవాటు నెల తిరక్కుండానే పోయింది. అక్కర ఏముంది, ప్రమాదమైన రిపోర్టు కూడా నిమిషంలో చేరిపోతుంటే!

అయితే ఒక చిన్న పని గ్రేసీ మిగిల్చింది. దాన్ని చిన్నదనుకోవడమే తప్పు.

మొదటి వారంలో ప్రోగ్రాంకు ఏదైనా అడ్డం వస్తే తెర మీద ఇంగ్లీషులో ఒక పెట్టె లేచేది. ముందు కౌంటర్‌లో కూర్చునే లోకేష్ దాన్ని చూసి హడలిపోయి అందరినీ పిలిచేవాడు. పరీక్షకు వచ్చిన జనం కూడా మెడలు చాచి చూసేవారు. మేనేజర్ సంపత్కుమార్, కల్యాణవల్లికి స్వయానా తమ్ముడు, మంచి మనిషే గానీ పదిమందిలో పరువు పోతుందంటే వణికిపోతాడు. తెర మీద ఇట్లాంటివి లేవకుండా చూడమని గ్రేసీతో గట్టిగా చెప్పాడు. తీరుబడిగా సరిచేద్దామని, అప్పటికి గ్రేసీ ఒక పని చేసింది. తప్పు వస్తే పట్టుకోమని ప్రోగ్రాంకు రాసింది. పట్టుకున్నాక ఏం చేయాలో రాయాల్సిన చోట ఖాళీ వదిలేసింది. అంటే, తప్పు జరిగిందని నీకు తెలిసినా నోరు మూసుకుని కూర్చో అని దానర్థం. పైగా లోకేష్ ధైర్యానికని తెర మూలలో ఒక పచ్చటి గుండ్రం పెట్టింది. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ అది వెలుగుతుంటుంది. తీరుబడి అన్నది మాత్రం ఏడు నెలలైనా రాలేదు. మనలో ఎవరికి వచ్చింది గనక.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజకూ మర్నాటి విజయదశమికీ కలిపి గ్రేసీ సెలవు పెట్టి దామలచెరువు దగ్గరున్న వాళ్ల ఊరికి వెళ్లింది. వాళ్లది చర్చికి పోయే ఇల్లు, పండగ లేకపోయినా సెలవైతే సెలవే కదా. వెళ్లేముందు, ఈ కంప్యూటర్ ఆపవద్దు అని పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. సంపత్కుమార్ ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించాడు. నవమినాడు మధ్యాహ్నం యంత్రాలన్నీ తుడిపించి, పసుపు కుంకుమ పెట్టించి, నిమ్మకాయలు కోయించాడు. గ్రేసీ కంప్యూటర్‌ను ఆపకుండానే బొట్టు పెట్టాడు. స్టోరేజీ పెట్టె మాత్రం దుమ్ము కొట్టుకుని ఉంటే, దాని వైర్లు పీకి, శుభ్రంగా తుడిచి, పీట మీద పెట్టి హారతిచ్చి, గంట తర్వాత ఎక్కడిదక్కడ తగిలించాడు. పెట్టె మీద ఏ చీటీ లేదు మరి.

యంత్రం మామూలుగానే ఫైళ్లు పడేయడం మొదలుపెట్టింది. కానీ ఫోల్డర్‌ను చూడడానికి ప్రోగ్రాం పట్టుకుని ఉన్న దారి వైరు పీకినప్పుడే తెగిపోయింది. పెట్టె తిరిగొచ్చినా ఆ తెగిన దారినే పట్టుకుని కూర్చుంది. తెగిందన్న సంగతి దానికి తెలిసింది, చెప్పాల్సిన చోట ఖాళీ ఉంది. చెప్పలేదు. పచ్చటి గుండ్రం వెలుగుతూనే ఉంది.

విజయదశమినాడు మధ్యాహ్నం రెండుంబావుకు గ్రేసీ ఫోన్ మోగింది. తడ వైపు క్లినిక్‌లో నర్సుగా పనిచేసే ఇమ్మానుయేల్. నలభై ఏళ్లవాడు, నిదానస్తుడు, ప్రోగ్రాం ఎట్లా వాడాలో గ్రేసీ నేర్పినప్పటి నుంచి ఆమెను చెల్లెలిగా చూసుకుంటాడు. ఎనిమిదో నెల గర్భిణి వేదశ్రీకి నాలుగు రోజులుగా వదలని జ్వరం. క్లినిక్ డాక్టర్ పండక్కి వెళ్లాడు, ఫోన్‌లోనే సలహా చెబుతున్నాడు. పొద్దున మొదటి బస్సుకే రక్తం పంపారు. పదిన్నరకల్లా రావాల్సిన రిపోర్టు ఇంతవరకూ రాలేదు. ల్యాబ్‌కు మూడుసార్లు ఫోన్ చేస్తే లోకేష్ మూడుసార్లూ తెర చూసి, పచ్చగా ఉంది కాబట్టి వెళ్లిపోయింది, మీ దగ్గరే సిగ్నల్ లేదేమో చూసుకోండి అన్నాడు. కౌంటర్‌లోవాళ్లు అంకెలు ఫోన్‌లో చదివి చెప్పకూడదని ల్యాబ్‌లో కట్టడి ఉంది, అందుకని చదవనూ లేదు.

చెప్పడానికి నాకే కష్టంగా ఉంది గానీ, గ్రేసీ కూడా అదే మాట అంది. పచ్చగా ఉంటే పోయే ఉంటుందన్నా, ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టి చూడు, అంది.

అతను ఫోన్ ఆపలేదు.

"పచ్చ ఆడుండాది గ్రేసమ్మా," అన్నాడు ఇమ్మానుయేల్. "ఈడ మనిషుండాది."

ఆ మాటతో గ్రేసీ ఫోన్ పెట్టేసింది. వెంటనే లోకేష్‌కు ఫోన్ చేసి, తెర సంగతి వదిలేసి ఫోల్డర్ తెరవమంది. పంపిన లెక్క ఎంత, ఫోల్డర్‌లో ఉన్నవి ఎన్ని, రెండూ చూడమంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్కటంటే ఒక్కటి పోలేదు. నలభై మూడు రిపోర్టులు అక్కడే పడి ఉన్నాయి. పండగ కాబట్టి మిగతా ఊళ్లవాళ్లు అడగలేదు, అంతే తేడా. గ్రేసీ కల్యాణవల్లి ఇంటికి ఫోన్ చేసింది. పూజ వంటల మధ్య నుంచి లేచి ఆమె రిపోర్టు తెప్పించుకుని చూసింది. లక్షన్నరకు తగ్గకూడని ప్లేట్‌లెట్లు పంతొమ్మిది వేలు. కడుపులో బిడ్డ ఉన్న మనిషికి! ఆమే క్లినిక్‌కు ఫోన్ చేసి, ఒక్క నిమిషం కూడా ఆగకుండా తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకొచ్చేయమని చెప్పింది. మూడింటికి అంబులెన్సు బయలుదేరింది. మిగతా రిపోర్టులను లోకేష్ ఒక్కొక్కటిగా ఆయా క్లినిక్కులకు పంపాడు.

అప్పటి నుంచి గ్రేసీకి చేయడానికి పనేమీ లేదు. అదే నరకం. వాకిట్లో నులకమంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. నాలుగు గంటలు. నాలుగు గంటలు ఆలస్యం చేసింది తను. ఆ అమ్మాయికి ఏమైనా అయితే? బిడ్డకేమైనా అయితే? ఎవరూ తనను ఏమీ అనకపోయినా తనకు తను ఏం చెప్పుకోవాలి? గ్రేసీ ఏడ్చింది. దాచుకోకుండా ఏడ్చింది.

వాళ్ల నాయన వెంకటముని పక్కన వచ్చి కూర్చున్నాడు. బతుకంతా మామిడితోటలు కాసిన మనిషి. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియదు గానీ, కాపలా అంటే తెలుసు. కూతురు ముక్కు తుడుచుకుంటూ జరిగిందంతా విప్పి చెప్పింది. ఆయన చివరిదాకా విని, అసలు ఈ కాపలాదారును కాచేదెవరని అడిగాడు. ఎవరూ లేరంది.

"అట్లైతే ఎట్ల పాపా," అన్నాడు. "కాయ దినాల్లో నేనొక తోట, ధనంజయ పక్క తోట కాస్తా ఉంటిమి. గడియకొక తూరి నేను కేకేస్తే ఆయప్ప ఆడినుంచి కేకెయ్యాల. కేక రాలేదంటే కోతులు రాలేదని కాదు. ఆయప్పకేమో అయిందని. కట్టె తీసుకోని నేను పోవాల."

గ్రేసీ ఏడుపు ఆపి ఆయన వంక చూసింది. ఆయన వెళ్లి చూసి తిరిగొచ్చేలోగా ఈ తోట సంగతేమిటని అడిగింది.

"తిరిగొచ్చి మంచెక్కి కూచుంటే అయిపోయిందా? నేను లేనప్పుడు వచ్చిన కోతి నాకోసం కూచోనుంటాదా ఏంది? తోటంతా ఒక సుట్టు తిరిగి సూసుకున్నంకనే మళ్లా మంచె."

ఆయన మామూలుగా చెప్పి పశువుకు మేత వేయడానికి లేచాడు. గ్రేసీ మాత్రం అట్లాగే కూర్చుండిపోయింది. ఏడు నెలలుగా తను చేయనిది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆరు గంటలకు ఇమ్మానుయేల్ ఫోన్ చేశాడు. వేదశ్రీని ఆసుపత్రిలో చేర్చుకున్నారు, రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. గ్రేసీ సంచి సర్దుకుని తిరుపతి బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి పంపిన రిపోర్టుల జాబితానూ ఫోల్డర్‌నూ మొదటి నుంచీ పక్కపక్కన పెట్టి చూసింది. నిన్నటి నలభై మూడు చూస్తే చాలు, ఏడు నెలలవీ చూడమని ఎవరూ అడగలేదు. చూసింది. చూస్తే మరో పదకొండు బయటపడ్డాయి. అన్నీ సోమవారాలవే. సోమవారం పొద్దున యంత్రాలన్నీ ఒకేసారి వందల ఫైళ్లు కుమ్మరిస్తాయి. అంత వేగానికి ప్రోగ్రాం కొన్నిటిని జారవిడిచేది. జారవిడిచినప్పుడల్లా, నేను కొన్ని చూడలేకపోయానని తనకు తెలిసిన పద్ధతిలో చెప్పుకునేది కూడా. ఆ మాటలూ ఆ ఖాళీలోనే పడి పోయాయి. క్లినిక్కులవాళ్లు సిగ్నల్ అనుకున్నారు. గ్రేసీ ఆ పదకొండు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుని కల్యాణవల్లి గదికి వెళ్లింది.

సంపత్కుమార్ అప్పటికే అక్కడున్నాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. పూజ కోసమని పెట్టె తీసింది తనే, భగవంతుడి పేరు చెప్పి ఒక గర్భిణి ప్రాణం మీదికి తెచ్చింది తనే అని రాత్రంతా నలిగినట్టున్నాడు. క్లినిక్కులన్నిటికీ ఇంటర్నెట్ లేక ఆలస్యమైందని ఒక ముక్క పంపేద్దామని అక్కను బతిమాలుతున్నాడు. గ్రేసీని చూసి, పెట్టె తీసిన సంగతి చెప్పి, పూజ మాట బయటికి రానివ్వకమ్మా అన్నాడు.

"పూజ తప్పు కాదు సార్," అంది గ్రేసీ. "ఈపొద్దు మీరు తీసినారు, రేపు ఎలుక వైరు కొరుకుతాది. తెగిందని ప్రోగ్రాంకి తెలిసింది. చెప్పొద్దని రాసింది నేను."

అని ఊరుకోలేదు. పదకొండు పేర్ల కాగితం బల్ల మీద పెట్టి, ఇవి కూడా అంది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ నిమిషాన ఆమెకు తెలియదు. దాచిపెట్టినదాని బరువు మాత్రం దిగిపోయింది.

కల్యాణవల్లి కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత ఒక్కో క్లినిక్‌కూ తానే ఫోన్ చేసింది. గంటన్నర పట్టింది. తొమ్మిది మంది అప్పట్లోనే మళ్లీ రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకున్నారట. ఒకరు ఊరు మారారు. ఒక పెద్దాయన షుగరు రిపోర్టు కోసం చూసి చూసి ఊరుకుని పాత మాత్రలే మింగుతున్నాడు, ఆయన్ను ఆ రోజే పిలిపించమంది. అందరికీ జరిగింది జరిగినట్టే చెప్పింది, ఇంటర్నెట్ మీదికి నెట్టలేదు. ఫోన్ పెట్టేసి కళ్లజోడు తీసింది.

"నువ్వు చెప్పకపోతే ఈ పదకొండూ నాకు ఎప్పటికీ తెలిసేవి కావు. ఫోన్లు మానేసింది మాత్రం నేను. అది నీ ఖాతాలో వేసుకోకు," అంది. ప్రమాదమైన రిపోర్టయితే ప్రోగ్రాం ఉన్నా లేకున్నా ఇకమీదట ఫోన్ చేయాల్సిందేనని తమ్ముడికి చెప్పింది. గ్రేసీకి అయిదు రోజులు గడువిచ్చింది. అన్ని రోజులూ మిగతా పనులేవీ ఆమెకు చెప్పకూడదంది. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు సంపత్కుమారే లాగాడు. లాగడం రాక రెండు చింపాడు కూడా.

రెండో రోజు సాయంత్రం, గ్రేసీ పనిలో తల ముంచి ఉండగా, వేదశ్రీకి ప్లేట్‌లెట్లు పెరగడం మొదలైందని ఇమ్మానుయేల్ చెప్పాడు. బిడ్డ కదలిక బాగుందట. గ్రేసీ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ప్రార్థన చేసుకుని, ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది.

ఈసారి ముందుగా ఆ ఖాళీని పూరించింది. తప్పు వస్తే గుండ్రం ఎర్రబడాలి, లోకేష్ బల్ల మీద గంట మోగాలి, పద్నాలుగు క్లినిక్కులకూ కబురు పోవాలి. నాకు ఫోల్డర్ కనబడటం లేదు, రిపోర్టుల కోసం ఫోన్ చేయండి అని. అట్లా చెప్పి ఊరుకోకుండా అర నిమిషానికొకసారి కొత్తగా దారి వెతుక్కోవాలి. దొరకగానే ఎక్కడ వదిలిందో అక్కడి నుంచి మొదలుపెట్టకుండా, ఫోల్డర్ అంతా ఒక చుట్టు తిరిగి, పంపిన జాబితాతో సరిచూసుకుని, మిగిలినవన్నీ పంపాలి. ఏమీ జరగకపోయినా గంటకోసారి ఆ చుట్టు తిరగాల్సిందే, ఎందుకంటే సోమవారాలు ఉన్నాయి. ఇక ప్రోగ్రామే చచ్చి పడిపోతే ఎర్రగుండ్రం పెట్టేదెవరు? దానికి కల్యాణవల్లి గదిలోని కంప్యూటర్‌లో ఇంకో చిన్న ప్రోగ్రాం పెట్టింది. అయిదు నిమిషాలకొకసారి దీని పలకరింపు దానికి చేరాలి. చేరలేదా, అది గోల పెడుతుంది. ఈ ముక్క రాసేటప్పుడు ఫోన్ తీసి నాయనకు చెప్పింది. ఆయన నవ్వి, ధనంజయకు చెబుతానన్నాడు.

ఆరో రోజు పొద్దున అందరి ముందూ పరీక్ష పెట్టింది. స్టోరేజీ పెట్టె వైరు పీకమని సంపత్కుమార్‌ను అడిగింది. ఆయన వెనక్కి తగ్గాడు. ఆ వైరు ముట్టుకోను అన్నాడు. మీరే పీకాలి సార్, ఎవరు పీకినా ఏమీ కాదని మీకు తెలియాలి, అంది గ్రేసీ. ఆయన చేతులు తుడుచుకుని పీకాడు. అయిదు లెక్కపెట్టేలోగా గుండ్రం ఎర్రబడింది. గంట మోగింది. జనం మెడలు చాచి చూశారు. ఏమైందని ఒకాయన అడిగితే, పెట్టె కనబడటం లేదని చెబుతోందండీ అని సంపత్కుమారే జవాబిచ్చాడు. పరువేమీ పోలేదు. వైరు తగిలించగానే ఆగిన ఆరు రిపోర్టులూ తమంతట తామే వెళ్లిపోయాయి. ఇమ్మానుయేల్ వెంటనే ఫోన్ చేసి, ఇట్లా చెప్పినాక దీన్ని నమ్మొచ్చని అన్నాడు. అప్పటిదాకా నమ్మలేదన్నమాట. నిజం చెప్పినందుకు గ్రేసీకి కోపం రాలేదు.

డిసెంబరులో ఒకరోజు లోకేష్ వచ్చి ఎవరో అడుగుతున్నారని పిలిచాడు. కౌంటర్ దగ్గర సన్నగా, కళ్ల కింద నల్లగా ఉన్న ఒక అమ్మాయి, చేతుల్లో తువ్వాలు చుట్టిన పసిబిడ్డ. వేదశ్రీ. ఆసుపత్రిలో బిడ్డకు కామెర్లు తగ్గాయో లేదో చూపించుకుని, బిడ్డ రక్తపరీక్షకు ఇక్కడికి వచ్చింది. తన రిపోర్టు వెతికి పట్టిన గ్రేసీ ఎవరో చూసి పొమ్మని ఇమ్మానుయేల్ చెప్పాడట. అక్కా, నీ పుణ్యమా అని బతికినాము అంది.

గ్రేసీ ఆ మాటను ఊరికే తీసుకోలేకపోయింది. తీసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. బిడ్డ వంక ఒకసారి చూసి, ఎదురుగా కూర్చుంది. "వెతికింది తర్వాత. నీ రిపోర్టు నాలుగు గంటలు ఆగింది నా వల్లనే," అని మొదలుపెట్టి, ఖాళీ వదిలిన సంగతీ, పచ్చ గుండ్రం సంగతీ, ఇమ్మానుయేల్ ఫోన్ చేస్తే తను కూడా నమ్మని సంగతీ ఏదీ మింగకుండా చెప్పింది. క్షమించమని అడిగింది.

ఆ నాలుగు గంటలూ వేదశ్రీకి గుర్తొచ్చినట్టున్నాయి. బిడ్డను గుండెకు దగ్గరగా జరుపుకుంది. తిట్టినా పడదామని గ్రేసీ తల వంచుకుని కూర్చుంది.

"ఇప్పుడు చెప్తాదా అక్కా? తెగిపోతే?"

"చెప్తాది."

వేదశ్రీ లేచి, తువ్వాలు సవరించి, బిడ్డను గ్రేసీ చేతుల్లో పెట్టింది. రక్తపరీక్ష చీటీ కౌంటర్ మీదికి జరిపింది.

"అయితే దీని రిపోర్టు గూడా దాంట్లోనే పంపు," అంది.